గెడ్డ అవతల రెండో మాట

పలాస స్టేషన్ రోడ్డు నుంచి ఇచ్ఛాపురం సంత దాకా నా అంత బేరగాడు లేడని నేనే చెప్పుకుంటే గొప్పలనుకుంటారు. అందుకని రుజువు చూపిస్తాను. ఎదుటివాళ్లు రెండే రెండు కోరికలు కోరారు. రెండూ ఇచ్చి రమ్మని నన్ను పంపారు. నేను ఒకటి పూర్తిగా కొట్టేసి, రెండోదాన్ని సగానికి కోసి, వాళ్లచేత సరేననిపించుకుని మీసం మెలేసుకుంటూ ఇంటికొచ్చాను. ఆ దెబ్బతో ఊరు రెండయింది. ఇచ్చేయమన్న సరుకును కూడా ఇవ్వకుండా మిగిల్చి, దుకాణం పోగొట్టుకున్న వర్తకుణ్ని ఇంకొకణ్ని చూపించండి, నా బిరుదు అతనికే ఇచ్చేస్తాను. ఊరికే ఇస్తాననుకోకండి, దానికీ బేరమాడతాను.

మా నాన్నది పలాసలో కిరాణా కొట్టు. జీడి కార్ఖానాల్లో పిక్కలు ఒలిచే ఆడవాళ్లు సాయంత్రం పని దిగి నల్లబడిన వేళ్లతో మా కొట్టు ముందు నిలబడేవారు. నాన్న వాళ్లతో తెలుగులో, బరంపురం వైపు నుంచి రైలు దిగినవాళ్లతో ఒడియాలో, పప్పు కొనడానికొచ్చిన షావుకార్లతో హిందీలో బేరమాడేవాడు. భాషలంటే మాకు గిరాకీని బట్టి మార్చుకునే తూకపురాళ్లే. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునే వయసుకి రాగానే నాన్న నాకు ఒక్కటే నేర్పాడు.

"అడిగీవోడెప్పుడూ రెండింతలు అడుగుతాడ్రా. నువ్వు సగం అను. ఆడు కోప్పడతాడు. పడనీ. అప్పుడిద్దరూ నిజం కాడికి వత్తారు."

ఈ చదువుతో నేను బాగానే బతికాను. తొంభైల చివర్లో పెళ్లయి, ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా, ఇచ్ఛాపురం వైపున్న ఒక ఊరికి ఇల్లరికం వెళ్లాను. అక్కడ కొబ్బరికాయలు, జీడిపిక్కలు కొనే వ్యాపారం పెట్టాను. ముందు గదిలో చిన్న కొట్టు కూడా. మా ఆవిడ అన్నగారు ఊరికి సర్పంచి. నేను ఆయన్ని బావా అంటాను, ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు. మిగతా ఊరంతటికీ నేను అల్లుణ్ని.

ఊరి మధ్యలోంచి గెడ్డ పారుతుంది. వానల్లో మోకాలి లోతు, ఎండల్లో ఇసుక. ఇవతల మావి తెలుగిళ్లు. అవతల వీధిలోనూ, దాని వెనక జీడితోటల్లో ఉన్న చిన్న పల్లెలోనూ ఇంట్లో మాట ఒడియా. మగవాళ్లు బజారుకొచ్చి తెలుగు మాట్లాడతారు గానీ, అక్కడి ముసలమ్మలకీ, ఒడిశా నుంచి వచ్చిన కొత్త కోడళ్లకీ తెలుగు అంటదు. అందుకని ఆ ఊళ్లో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉండేది. తుఫాను భవనం అరుగు మీద పంచాయతీ కూర్చుంటే, ఏ సంగతైనా ముందు సర్పంచి తెలుగులో చెప్పాలి. తర్వాత అవతల వీధి మనిషి ఒకరు లేచి అదే సంగతి ఒడియాలో చెప్పాలి. దాన్ని రెండో మాట అనేవారు. రెండో మాట అయ్యేదాకా ఎవరూ చెయ్యెత్తకూడదు. ఇది ఏ చట్టంలోనూ లేదు. అడిగితే, మా తాతల నాడూ ఇంతే అనేవారు.

నేను వెళ్లేసరికి రెండో మాట చెప్పేది ఒక బొరుగులావిడ. గెడ్డ అవతల మొదటి ఇల్లు ఆవిడదే. వేడి ఇసకలో బియ్యం వేయించి బొరుగులు చేసి అమ్మేది. అంతకు ముందు ఆవిడ భర్త చెప్పేవాడట. ఆయన పోయాక, ఆయన వెనక కూర్చుని ప్రతిసారీ దిద్దేదాన్ని కదా, నేనే చెబుతానని లేచిందట. నేను ఆవిణ్ని అత్తా అనేవాణ్ని.

నేను చూసిన మొదటి సభలో సంగతి బందెలదొడ్డి. తోటల్లో పడి మేసే దూడల్ని తోలుకెళ్లి అందులో కట్టేస్తామని బావ నాలుగు మాటల్లో చెప్పి కూర్చున్నాడు. అత్త లేచింది. కొంగు నడుముకి దోపుకుని మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదు. మధ్యలో ఒక ముసలమ్మ ఏదో అడుగుతుంది, ఈవిడ జవాబిస్తుంది, అవతల వీధి ఆడవాళ్లంతా బావ వైపు చూసి పకపకా నవ్వుతారు.

బావకి అనుమానం వచ్చింది. "ఏటత్తా, నానన్నవి నాలుగు ముక్కలు. నువ్వు నలబై సెప్పినావు. ఏటి కలిపినావు?"

"నానేటీ కలపనేదు బావూ. నువ్వు దూడలన్నావు. మావోళ్లు అడుగుతన్నారు, మొన్న మా బీరపాదు తినీసిన సర్పంచిగోరి ఎద్దు దూడల్లో నెక్కా, కాదా అని."

అరుగు మీద ఇవతలివాళ్లూ నవ్వారు. బావ తల గోక్కున్నాడు. "సర్లే, ఎద్దుని కూడా కట్టీండి." అప్పుడు చేతులు లేచాయి.

కొట్టు కట్టేసి గంటలు గంటలు ఇక్కడ కూర్చోవడమేమిటని మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. కొన్నాళ్లకి సభ ఎప్పుడా అని ఎదురుచూడటం మొదలుపెట్టాను. సముద్రపు గాలికి కొబ్బరాకులు గలగలమంటుంటే, తెలుగులో ఎండు కట్టెలా పడిన సంగతి ఒడియాలోకి వెళ్లి చిగురేసుకుని తిరిగొచ్చేది. నాకు పలాసలో అబ్బిన ఒడియా బేరానికి సరిపోయేదే. అత్త మాట వింటూ వింటూ ఆ భాషలో వేళాకోళం ఆడటం నేర్చుకున్నాను.

బేరం మాత్రం ఆవిడ దగ్గర పనికొచ్చేది కాదు. కుంచం బొరుగులు ఎంత అంటే ఒక ధర చెప్పేది. నేను అలవాటుగా సగం అనేవాణ్ని. ఆవిడ కోప్పడేది కాదు, నవ్వేది కాదు. "గోటే కథా, అల్లుడా," అనేది. ఒకటే మాట అని. ధర చెప్పేశాక ఇంక ఇసక కదుపుకోవడమే. నేను చెప్పిన ధర ఇచ్చేశాక మటుకు, కుంచం కొలిచి, పైన దోసెడు కొసరు పోసేది. అడగకుండానే. బేరంలో తగ్గని మనిషి కొసరులో అంత ఎందుకు పోస్తుందో మా కొట్టు లెక్కలకి అందేది కాదు.

తర్వాత ఊరూరా జీపుల్లో అధికారులు దిగి సభలు పెట్టే రోజులొచ్చాయి. మా ఊరికీ ఒక జీపు వచ్చింది. ఆ అధికారి పత్రికల్లో రాసే తెలుగు మాట్లాడాడు. నిజం చెప్పాలంటే ఇవతల మాకే సగం అందలేదు. బావ లేచి, "అయ్యా, నీల్లు నేవు, ఏటి సేత్తారో సెప్పండి," అంటే, ఆయన చిన్నగా నవ్వి, "ఏమిటీ?" అన్నాడు. పక్కనున్న గుమస్తా కూడా నవ్వాడు. ఊరందరి ముందూ ఎంత మాటైనా అనగలిగిన బావ ఆ ఒక్క నవ్వుకి ముడుచుకుపోయి, "మంచినీటి సమస్య కలదండి," అన్నాడు. ఆ తర్వాత సభంతా అద్దె చొక్కా వేసుకున్నవాడిలా మాట్లాడాడు.

మా దగ్గర నీళ్ల మాట ఊరికే వచ్చే మాట కాదు. మూత్రపిండాల జబ్బుతో మంచాన పడ్డవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అందరి అనుమానమూ బావుల మీదా బోర్ల మీదా. అందుకని కొళాయి గొట్టాలు వేయిస్తామనగానే అరుగు మీదవాళ్లంతా ముందుకి జరిగారు. అధికారి మొదటి విడత, రెండో విడత అంటూ ఏదో వివరించాడు. అత్త రెండో మాటకి లేచింది. అధికారి గడియారం చూసుకున్నాడు, ఇంకో ఊరు వెళ్లాలి.

"అత్తా, ఇయ్యాల వొద్దులే," అన్నాడు బావ, కింది గొంతుతో. "బేగి అయిపోవాల."

ఆవిడ ఒక్క క్షణం నిలబడి, కొంగు నడుములోంచి తీసి, కూర్చుంది. చేతులు లేచాయి. గెడ్డ అవతలివాళ్లు పక్కవాళ్లని చూసి ఎత్తారు.

కొన్నాళ్లకి గొట్టాల కోసం తవ్వుతూ వచ్చిన కందకం గెడ్డ ఇవతలి గట్టు మీద ఆగిపోయింది. గొట్టాలు అక్కడితో సరి. అవతలికి రెండో విడతలో వేస్తారని అధికారి చెప్పాడు, నిజమే. ఆ ముక్క వాళ్లకి ఎవరు చెప్పారు? అవతలి గట్టు మీద ఆడవాళ్లు బిందెలు చంకనెట్టుకుని నిలబడి, ఆగిపోయిన కందకాన్ని చూస్తూ ఉండటం నా కొట్టులోంచి కనపడేది. కొట్లాటకి ఎవరూ రాలేదు. తర్వాతి సభకి అసలే రాలేదు. తర్వాత తెలిసింది, మాకు వేరే పంచాయతీ కావాలని టెక్కలి డివిజను ఆఫీసుకి వెళ్లి అర్జీ పెట్టుకున్నారని.

బావ ఆ సాయంత్రం మా కొట్టు బల్ల మీద కూలబడ్డాడు. "ఊరు ఇరిగిపోతంది బావా. మా తాతల నుండి ఒక్క పంచాయితీ. నా సేతిలో ఇరిగిందంటే నానెక్కడ తలెట్టుకోవాల? నువ్వెల్లు. బేరగాడివి. అర్జీ ఎనక్కి తీయించు. ఆలేటి అడిగితే అది ఇచ్చీ. ఇన్నావా? ఏదడిగితే అది."

వెళ్లాను. అత్త వాకిట్లో చాప వేసింది. వీధి పెద్దలు ఇద్దరు ముగ్గురు చుట్టూ కూర్చున్నారు. పళ్లెంలో బొరుగులు, కొబ్బరిముక్కలు పెట్టింది. నేను మంచి ఒడియాలో కుశలప్రశ్నలు వేశాను. ఆవిడ తెలుగులో జవాబిచ్చింది. నన్ను ఇవతలి మనిషిగానే ఉంచిందని నాకు అప్పుడు తట్టనే లేదు.

"రెండు అడుగుతన్నాం అల్లుడా. రెండో మాట అవనిదే సెయ్యి లేవకూడదు. జీపొచ్చినా, రాకపోయినా. అదొకటి. ఒకటో తరగతి గుంటలు బళ్లో బొమ్మల్లాగ కూకుంతన్నారు. మా మాట తెలిసిన వాలంటీరు పంతుల్ని ఒకణ్ని ఏయించండి. అంతే. అర్జీ మావే ఎల్లి తీసీసుకుంతాం."

రెండు కోరికలు. చేతిలో ఉన్నవే. తలూపి, చేతులు కలిపి, బొరుగులు తిని లేచిపోవాల్సిన చోటు. కానీ అడిగిన మాట చెవిన పడగానే నా లోపల మా నాన్న గల్లాపెట్టె తెరిచాడు. రెండడిగారంటే ఒకటి కావాలన్నమాట.

"అత్తా, రెండో మాట అంటే సభ పొద్దుపోయేదాకా అవుతాది. అధికార్లు ఊరుకోరు. దాని బదులు తీర్మానం ఒడియాలో రాయించి మీ ఈది గోడకి అంటిత్తాం. పంతులంటావా, ఏడాదంతా కాదుగానీ, ఆరు నెల్లకి సూద్దాం. మనిసి దొరికితే."

పెద్దలు ఆవిడ వైపు చూశారు. ఆవిడ నా వైపు చూసింది. గోడకి అంటించిన కాగితాన్ని ముసలమ్మలు ఎద్దు సంగతి ఎలా అడుగుతారని ఆ చూపు అడిగిందని ఇప్పుడనుకుంటాను. అప్పుడు మాత్రం, ఇంక మెత్తబడుతోంది అనుకున్నాను.

"హఉ," అంది. సరే అని.

నేను లేచాను. గెడ్డ దాటుతుంటే కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికెళ్లి బావకి చెప్పాను. "ఏదడిగితే అది ఇచ్చీమన్నావు. సగం కూడా ఇవ్వకుండా తెచ్చినాను సూడు." బావ నన్ను కౌగిలించుకున్నాడు. టీలు తాగాం. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విని, "బొరుగులేవీ?" అంది.

"ఏ బొరుగులు?"

"అత్త కాడికెల్లి ఎప్పుడైనా ఉత్తి సేతుల్తో వొచ్చినావా? కొసరైనా కట్టి ఇచ్చీది. ఇయ్యాల ఇయ్యనేదేటి?"

మర్చిపోయి ఉంటుందన్నాను. మా ఆవిడ, "మర్సిపోద్దేటి," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ నెలలోనే, పలాస కార్ఖానాలో ఒలిపించిన జీడిపప్పు సరుకుతో హైదరాబాద్ వెళ్లాను. అక్కడ వేరే రాష్ట్రం మాట మళ్లీ బలంగా వినపడుతున్న రోజులు. నా సరుకు కొనే వ్యాపారి అక్కడివాడే, ముక్కుసూటి మనిషి. నేను "ఏటి సేటూ, ధర ఏటి?" అనగానే దుకాణంలో పనివాళ్లు కిసుక్కుమన్నారు. ఆయన వాళ్లని కసిరి నాకు చాయ్ తెప్పించాడు.

"ఏమనుకోకన్నా. సిన్మాలల్ల మా మాటను జోకర్లకు పెడ్తరు. మీ మాటను గూడ గట్లనే పెడ్తరు. మాది మాగ్గావాలెనని మేం అడుగుతున్నం. మీరెందుకు అడుగుతలేరు?"

నాకు ఆ జీపు అధికారి నవ్వూ, బావ ముడుచుకుపోవడమూ గుర్తొచ్చి ఒళ్లు మండింది. "అడగాల సేటూ. మాకూ వేరే కావాల. మా మాట మాటలాగ ఇనీ కచేరీ మాకుండాల," అని బల్ల గుద్దాను. పనివాళ్లు ఈసారి నవ్వలేదు.

"అడిగి సూడు, ఏమంటరో ఎర్కనా?" అన్నాడాయన, చాయ్ చప్పరిస్తూ. "గిదిస్తం, గదియ్యం, ఇంత తీస్కపో అని బేరం పెడ్తరు. మేం అడిగేది బేరం గాదన్నా. బేరం గాదని వాళ్లకు సమజే గాదు."

నేను చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆ రోజు పప్పు ధర ఆయన చెప్పిందే తీసుకున్నాను. నాకు ఒంట్లో బాగాలేదనుకుని ఆయన ఆటో పిలిపించాడు.

పలాసకి వచ్చే రైల్లో కిటికీ పక్కన కూర్చుని నేను మా నాన్న చెప్పినవన్నీ తిరగేశాను. మా కొట్టు ముందు గట్టిగా వాదించేవాళ్లు చివరికి కొనే వెళ్లేవారు. ధర విని, మెల్లగా సరే అని, సంచీ భుజాన వేసుకుని వెళ్లిన మనిషి మళ్లీ మా మెట్టెక్కేది కాదు. చిన్నప్పటి నుంచీ చూసినదే. అత్త మెల్లగా హఉ అంది. ఆవిడ జీవితంలో ఎన్నడూ రెండింతలు అడగలేదు. బొరుగులకి అడగని మనిషి తన మాటకి అడుగుతుందా?

రైలు దిగి మొదటి బస్సు పట్టుకుని గెడ్డ అవతలికే వెళ్లాను. రెండూ ఒప్పుకుంటున్నామని, అడగనివి కూడా ఇస్తామని ఒక్క ఊపిరిలో చెప్పాను. అత్త పొయ్యిలో మంట ఎగదోసింది.

"ఇప్పుడెందుకు అల్లుడా? నువ్వు సెడ్డోడివని కాదు. మా మాట కావాలో వొద్దో ఏరేవోళ్లు బేరమాడి తేల్చీ కాడ మావుండకూడదు అనుకున్నాం. అంతే."

"మరా రోజు హఉ అన్నావు కదత్తా!"

"హఉ అన్నాను. నువ్వు సెప్పింది ఇన్నానని."

టెక్కలి చుట్టూ వాళ్లు చాలాకాలం తిరిగారు. తర్వాతి పంచాయతీ ఎన్నికల నాటికి గెడ్డ హద్దుగా ఊరు రెండు పంచాయతీలైంది. బావ ఆ ఏడు పోటీ చెయ్యలేదు. మా ఇవతల సభలు భేషుగ్గా తొందరగా అయిపోతాయి. సర్పంచి చెబుతాడు, చేతులు లేస్తాయి, ఇంటికెళ్లిపోతాం. ఎవరి ఎద్దు ఎవరి పాదు తిన్నదో అడిగే దిక్కు లేదు. తుఫాను భవనం అరుగు మీద అవతలివాళ్లు కూర్చునే సగం ఖాళీగా ఉంటుంది. అలవాటు చొప్పున మేం అటు జరగం.

ఒక సాయంత్రం అవతల మైకు వినపడి వెళ్లాను. బొరుగులు కొనాలనే నెపం పెట్టుకున్నాను. వాళ్ల సభ బడి వాకిట్లో జరుగుతోంది. సర్పంచి ఒడియాలో చెబుతున్నాడు. ఆయన కూర్చోగానే చేతులు లేస్తాయనుకున్నాను. లేవలేదు. అత్త లేచింది, ఇదివరకటికంటే నడుం వంగింది. కొంగు దోపుకుంది. విభజనలో గెడ్డ అవతల పడిన తెలుగిళ్లు కొన్ని ఉన్నాయి. జీడితోటల కాపలావాళ్లవి. ఆ ఇళ్లవాళ్లు ఒక వార కూర్చున్నారు. అత్త వాళ్ల వైపు తిరిగి, మా తెలుగులో, నేదనీ ఏటనీ, ఒక్క ముక్క కుదించకుండా చెప్పింది. ఒకతను ఏదో ఎదురడిగాడు. ఆవిడ జవాబు విని వాళ్లు నవ్వారు. తర్వాతే చేతులు లేచాయి. నేను చీకట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా చెయ్యి దానంతటదే సగం లేచి, ఇది నా సభ కాదని గుర్తొచ్చి దిగింది.

అందరూ వెళ్లాక ఆవిడ నన్ను చూసింది. "ఏటల్లుడా, దొంగలాగ నిలబడ్డావు?"

"బొరుగులకొచ్చినాను."

ఇంటికి తీసుకెళ్లి ధర చెప్పింది. నేను సగం అనలేదు. చెప్పింది ఇచ్చాను. కుంచం నింపింది. అరచేత్తో పైన సమానంగా తోసేసింది.

లెక్క ఇదీ. వాళ్లకి నేను చేసిన నష్టం పెద్దగా లేదు. కొళాయి గొట్టాలు అవతలికీ వెళ్లాయి. బళ్లో వాళ్ల మాట తెలిసిన పంతులు ఉన్నాడు. వేరుపడి బాగానే ఉన్నారు, మా దగ్గర ఉన్నప్పటికన్నా బాగానే ఉన్నారని నేనే ఒప్పుకోవాలి. మా బేరంలో నేను మిగిల్చింది సభకి ఒక గంట. ఆ గంటలే ఇప్పుడు ఎంతకైనా కొంటాను, అమ్మేవాళ్లు లేరు. ఆ సాయంత్రం సంచీ పట్టుకుని ఇంకాసేపు నిలబడ్డాను. కుంచానికి కుంచం సరిపోయింది. కొసరు లేదు, నేను అడగలేదు.